ముక్కు మీద పచ్చబొట్టు

నాకు ముక్కు మీద కోపమని మా బడి పిల్లల దగ్గర నుంచి పాలు పోసేవాడి దాకా అందరికీ తెలుసు. ఆ ముక్కు మీదే నాకొక పచ్చబొట్టు కూడా ఉంది. ఎడమ పుట మీద, కందిగింజంత చుక్క. కొత్తవాళ్ళు దూరం నుంచి చూసి ముక్కుపుడక అనుకుంటారు. దగ్గరికొచ్చాక పుట్టుమచ్చ అనుకుంటారు. ఇంకా దగ్గరికొచ్చే చనువు నేనెవరికీ ఇవ్వలేదు కాబట్టి అసలు సంగతి చెప్పాల్సిన పని పడలేదు. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, అది తెలిసిన మనుషులు నా చుట్టూ ఇంకెవరూ మిగల్లేదు.

ఆ బొట్టు పొడిపించింది ముక్కు మీద కాదు, నుదుటి మీద. పొడిపించింది మా అమ్మ. అప్పటికి మేము శ్రీకాకుళం వైపు మా ఊళ్ళోనే ఉన్నాం, నాకు ఆరో ఏడో ఏళ్ళు. పచ్చబొట్లు పొడిచే ఆమె కొబ్బరిచిప్పలో మసీ ఆకుపసరూ కలుపుకుని, సూదుల కట్ట పట్టుకుని మా అరుగు మీద కూర్చుంది. అమ్మ నా తల ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా రెండు మోకాళ్ళ మధ్య బిగించింది. ఆమె నా కనుబొమల నడుమ సూది ఆనించబోతే అమ్మ ఆపింది.

"అక్కడొద్దు. ఇంకా పైకి పొడు. గుంట ఎదిగితే మొకం సాగదేటి? అప్పుడు బొట్టు కిందకి దిగిపోతాది."

అని తన బొటనవేలితో నా పాపిట కింద గట్టిగా నొక్కింది. "ఇక్కడ," అంది.

అమ్మ లెక్క తప్పింది. నా మొహం ఎదిగింది గానీ బొట్టు దిగలేదు. జుట్టు మొదలుకి కాస్త కింద, పెట్టినచోటే ఉండిపోయింది. కుంకుమ ఎక్కడ పెట్టుకోవాలో అక్కడ వేరే పెట్టుకునేదాన్ని. తరువాత ఖరగ్‌పూర్ తెలుగు బడిలో నన్ను రెండు బొట్ల పిల్ల అని ఏడిపించేవాళ్ళు. ఏడిపించినవాళ్ళు కూడా ఒకటి రెండు సార్లు నా చేతిలో ఏడ్చారు.

సూది పోట్లకి నేను ఏడుస్తుంటే అమ్మ అన్న మాట మాత్రం ఎప్పుడూ మరవలేదు. "ఊరుకోయే. బంగారం ఎంతెట్టుకున్నా, సచ్చిపోతే మనోళ్ళే ఒలిసేసుకుంటారు. దీన్నెవులూ ఒలవలేరు. ఎక్కడికెల్లినా కూడా వస్తాది. ఆ లోకంలో నిన్ను నాను దీన్ని బట్టే గుర్తెడతాను." మా వైపు ఆడవాళ్ళందరూ పిల్లలకి ఈ మాటే చెప్పేవారు. అందరి పిల్లలకీ అది చెప్పుకునే మాట. నాకు మాత్రం, మరుసటి వానల్లో అమ్మ జ్వరంతో పోయాక, అదొక్కటే మిగిలిన మాట అయింది.

అమ్మ ఫోటో లేదు. మొహం గుర్తు లేదు. ఒళ్ళో పడుకుని పైకి చూస్తే కనిపించిన గడ్డం, ఆమె నుదుటి మీది పచ్చబొట్టు, నా నుదుటి మీద ఆ బొటనవేలి నొక్కు. నా దగ్గరున్న అమ్మ అంతే.

మా అయ్య అప్పటికే ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో పని చేస్తున్నాడు. అమ్మ పోయాక వచ్చి నన్ను తనతో తీసుకొచ్చాడు. ఆయనది బాయిలర్ షాపు. ఇంజను బాయిలరు లోపల ఒకడు దూరి ఇనపదిమ్మ ఆనించి పట్టుకుంటే, బయట నుంచి ఇంకొకడు రివిట్ల మీద సుత్తి వేస్తాడు. మా అయ్య లోపల దూరే మనిషి. నేను పెద్దదాన్నయ్యేసరికి ఆయనకి వర్క్‌షాపు సైరను కూడా వినపడడం మానేసింది. చెవులు పోయాక పెదాలు చూసి మాట తెలుసుకోవడం నేర్చుకున్నాడు. నేను మాట్లాడితే ఆయన చూపు నా నోటి మీదే ఉండేది, పైకి వచ్చేది కాదు. ఒకే క్వార్టర్లో అన్నేళ్ళున్నా, మా అయ్య నా మొహం పూర్తిగా ఎప్పుడైనా చూశాడా అని నాకు అనుమానమే.

"అమ్మ ఎలగుండేది అయ్యా?" అని అడిగిన ప్రతిసారీ నా పెదాల వైపు చూసేవాడు. అర్థమయ్యేది. మొహం అటు తిప్పుకునేవాడు. చెవిటి మనిషితో వచ్చిన చిక్కు అదే. ఆయన మొహం తిప్పుకుంటే, ఇవతలివాళ్ళు ఎంత అరిచినా ఆ మాట అక్కడితో అయిపోయినట్టే.

చదువుకున్నాను. చదువుకున్న బడిలోనే టీచరునయ్యాను. పెళ్ళి మాట ఒకటి రెండు సార్లు గుమ్మం దాకా వచ్చి, ఒకసారి నా నోటికి, ఒకసారి మా అయ్య చెవుడుకి భయపడి వెనక్కి పోయింది. నాకేమీ బాధ లేదని అందరికీ చెప్పేదాన్ని. సాయంత్రం బడి నుంచి వచ్చి తలుపు తీస్తే ఆ చప్పుడుకి తల తిప్పి చూసే మనిషి ఇంట్లో లేడు. అది మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ముక్కు మీద పుండు మొదలైంది పంతొమ్మిదివందల అరవైల్లో. ఉద్యోగం వచ్చిన కొత్తలో గోల్‌బజార్‌లో ఒక బెంగాలీ కంసాలి దగ్గర ఎర్రరాయి ముక్కుపుడక చేయించుకుని ముచ్చటగా పెట్టుకున్నాను. చాలా ఏళ్ళకి దాని పక్కనే చిన్న పొక్కు లేచింది. మొహం తుడుచుకుంటే రక్తం. పక్కు కట్టేది, రాలేది, మళ్ళీ కట్టేది. నొప్పి లేదు. నొప్పి లేని పుండుని మేమెవరమూ పుండుగా లెక్కపెట్టం.

మా పక్క క్వార్టర్లో ఒక పెద్దావిడ ఉండేది, వర్క్‌షాపు ఫిట్టరు భార్య. నేను పిన్నీ అనేదాన్ని. ఆవిడ చూడగానే తేల్చేసింది. "బంగారం పడనేదమ్మా. ఆ బెంగాలోడు రాగి కలిపేసినాడు."

మర్నాడే కంసాలి మీదికి వెళ్ళాను. "దాదా, ఇది బంగారమా, ఇంజను గొట్టమా?" అని వీధిలో వాళ్ళంతా వినేలా అడిగాను. పాపం అతను ఒట్టు పెట్టుకున్నాడు, గీటురాయి మీద గీసి చూపించాడు, చివరికి నా నోరు భరించలేక పుడక కరిగించి కొత్తది చేసి ఇచ్చాడు. పుండు దాని పక్కన కూడా అలాగే ఉంది. అప్పుడు పిన్ని వేపపుల్ల పెట్టమంది. ముక్కు కుట్టిన పిల్లలకి పెడతారు కదా, కన్నం పూడకుండా ఉంటుంది, పుండూ మాడుతుంది అని. పుడక తీసేసి, వేపపుల్ల చెక్కి పెట్టుకున్నాను.

కొన్నాళ్ళకి ఆ పుల్ల వదులై జారిపోవడం మొదలైంది. కొంచెం లావు పుల్ల పెట్టాను. అదీ జారింది. ఇంకొంచెం లావుది పెట్టాను. పుల్ల చిన్నదైపోతోందనుకున్నానే గానీ కన్నం పెద్దదైపోతోందని నాకు గానీ పిన్నికి గానీ తట్టలేదు. ముక్కుని ఏదో తింటూ ఉంటే, దాని నోటికి సరిపడా పుల్లలు చెక్కుతూ ఏడాది పైన గడిపాను. చివరికి ఒక రోజు తరగతిలో తుమ్మితే పుల్ల వెళ్ళి బల్ల మీద పడింది. పిల్లలు నవ్వారు. దాని కొనకి రక్తం చూసి నవ్వు మానేశారు. ఆ మధ్యాహ్నం రైల్వే ఆసుపత్రికి వెళ్ళాను.

అక్కడికి కలకత్తా నుంచి వారానికొకసారి ఒక సర్జన్ వచ్చేవాడు. బెంగాలీ ఆయన, నడివయసు, మాట తక్కువ. పుండు అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి పరీక్షకి కలకత్తా పంపించాడు. పై వారం వచ్చినప్పుడు నన్ను కూర్చోబెట్టి, టీచరమ్మని వాళ్ళు పిలిచే దిదిమణి అన్న పిలుపుతో, బెంగాలీలో చెప్పాడు. ఇది చర్మం కేన్సరు, దిదిమణి. దీన్ని ఎలుక పుండు అంటారు. దేహమంతా పాకే జాతి కాదు, ఉన్నచోటే కూర్చుని ఎలుకలా కొరుక్కుంటూ పోతుంది. వదిలేస్తే బుగ్గ తింటుంది, కన్ను తింటుంది. చుట్టూ బాగున్న చర్మం కూడా కాస్త కలుపుకుని కోసి తీసెయ్యాలి.

నాకు మొదటి మాట తప్ప తక్కినవన్నీ తరువాత గుర్తొచ్చాయి.

మత్తు సూదులు ముక్కు చుట్టూ పొడిచి, మెలకువగా ఉండగానే కోశాడు. నొప్పి లేదు, కత్తెర చప్పుడు మాత్రం తల లోపల నుంచి వినపడింది. ఎడమ పుట చాలా వరకు పోయింది. వెంటనే కుట్టలేదు. తీసిన ముక్క కలకత్తా వెళ్ళాలి, దాని అంచుల్లో ఎక్కడా కేన్సరు మిగల్లేదని అక్కడివాళ్ళు చెప్పాలి. "ముందు ఎలుక పోయిందని తేలాలి. గోడ తరువాత కడదాం," అన్నాడు. ఆ రోజులు గాజుగుడ్డ కింద కన్నంతో గడిపాను. అద్దం అడిగితే సిస్టరు ఇవ్వలేదు. కట్టు మార్చేటప్పుడు స్టీలు ట్రే అడుగున చూసుకున్నాను. మొహం మధ్యలో తలుపు తీసి వదిలేసినట్టుంది. ఆ తరువాత అద్దం అడగలేదు.

అంచులు శుభ్రంగా ఉన్నాయని కబురొచ్చాక సర్జన్ కొత్త పుట కట్టే ఉపాయం చెప్పాడు. జేబులో సిగరెట్టు పెట్టె తీసి, అందులోని వెండికాగితం నా ముక్కు మీద పరిచి, పోయినంత మేర కత్తిరించాడు. ఆ కాగితాన్ని తలకిందులుగా తిప్పి నుదుటి మీద ఆనించాడు. నుదుటి చర్మం రంగులోనూ మందంలోనూ ముక్కుకి బాగా కలుస్తుందట. జుట్టు మొదలు నుంచి కనుబొమ దాకా నిలువుగా ఒక పట్టీ లేపి, కింది కొస మాత్రం కనుబొమ దగ్గర తెంపకుండా ఉంచి, పట్టీని మెలితిప్పి ముక్కు మీదికి దించుతాడు. పుట నిలబడడానికి చెవి వెనక నుంచి మెత్తటి ఎముక ముక్క తీసి లోపల పెడతాడు. కనుబొమ దగ్గర నుంచి వచ్చే రక్తంతో పట్టీ బతుకుతుంది. మూడు వారాలకి ముక్కు మీద వేళ్ళూనుకున్నాక, మధ్యలో వేలాడే తాడుని కోసేస్తాడు.

కాగితం సరిగ్గా మా అమ్మ బొటనవేలు నొక్కిన చోట ఆగింది.

"ఈ మచ్చ ఉందే, ఇది ముక్కు మీదికి వచ్చేస్తుంది," అన్నాడు. "మీ నుదురు చిన్నది, పక్కకి జరపడానికి లేదు. జరిపితే జుట్టున్న చర్మం వస్తుంది, ముక్కు మీద వెంట్రుకలు మొలుస్తాయి. భయపడకండి, ముందే మచ్చని గీకి చెరిపేస్తాను."

"చెరపకండి," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. ముక్కు మీద నల్లచుక్కతో బడికి ఎలా వెళతారు, పిల్లలు నవ్వుతారు అన్నాడు. నన్ను చూసి నవ్వే పిల్లలు ఇంకా పుట్టలేదన్నాను. ఇంటికి వెళ్ళి పెద్దవాళ్ళతో మాట్లాడి రమ్మన్నాడు.

పిన్ని బుగ్గలు నొక్కుకుంది. "ముక్కు మీద బొట్టేటమ్మా? ఊరంతా నవ్వదా? తీసెయ్యమను తల్లీ." అయ్య వైపు తిరిగి, ఆయనకి అందేలా నిదానంగా చెప్పాను. డాక్టరు అమ్మ పెట్టించిన బొట్టు చెరిపేస్తానంటున్నాడని, నేను వద్దంటున్నానని. ఆయన నా పెదాలు చూశాడు.

"సెరిపెయ్యమను," అన్నాడు. "సచ్చిపోయినదానికి ఏటి తెలస్తాది?"

మొహం తిప్పుకున్నాడు. గోడకి చెబితే ఎంతో, ఆ తిప్పుకున్న తలకి చెబితే అంతే. ఆ రోజు నాకు ఆయన మీద వచ్చినంత కోపం కంసాలి మీద కూడా రాలేదు. కోపం తగ్గాక, ఈ లోకంలో నా తరఫున మాట్లాడే మనిషి ఒక్కరూ లేరని తెలిసింది.

పై వారం సర్జన్‌తో ముందు దెబ్బలాడాను. నా నుదురు నా ఇష్టం అన్నాను. ముక్కు కట్టేది నేను కదా అన్నాడు. ఇక లాభం లేక, అమ్మ చెప్పిన మాట చెప్పాను. బెంగాలీలో చెప్పాను. మా ఊరి మాట ఆ భాషలోకి వచ్చేసరికి మరీ చిన్నపిల్ల మాట అయిపోయింది. చెప్పి సిగ్గుపడ్డాను. చదువుకున్నదాన్ని, పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని, ఇవన్నీ నమ్ముతానా అంటే నమ్మను. నమ్మకపోతే అది చెరిపేస్తారంటే ఎందుకంత భయమో నాకే తెలియదు.

ఆయన నవ్వలేదు. "మరి ముక్కు మీద ఉంటే మీ అమ్మగారు గుర్తుపడతారా?" అని అడిగాడు. మంచి మనసుతోనే అడిగాడు. చెరపకండి, అని మళ్ళీ అన్నాను.

"సరే," అని ఊదారంగు సిరాతో బొట్టుని కలుపుకుంటూ నుదుటి మీద గీత గీశాడు.

మత్తులోంచి లేచేసరికి మొహమంతా వాచిపోయి కళ్ళు తెరవడానికి రాలేదు. కనుబొమ దగ్గర నుంచి ముక్కు దాకా చర్మపు తాడు వేలాడుతోందని చేత్తో తడిమి తెలుసుకున్నాను. ఆడవాళ్ళ వార్డులో అటూ ఇటూ మంచాల మీద ప్రసవాలవాళ్ళు, వాళ్ళ చుట్టూ చుట్టాలు. నన్ను చూసి పిల్లలు జడుసుకుంటారని నా మంచం చివరికి జరిపి తెర కట్టారు. అయ్య ఆదివారం వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడేవాడు. నా నోటి వంక చూసేవాడు. నేను "బాగున్నాను" అనగానే పని అయిపోయినట్టు ఇంటికి పోయేవాడు.

ముక్కు మీది కట్టు విప్పిన రోజు సిస్టరు దూదితో తుడుస్తోంది. నుదుటి మీద తుడుస్తున్నట్టు తెలుస్తోంది. "విప్పింది ముక్కు మీది కట్టు కదా, నుదురు ఎందుకు తుడుస్తున్నారు?" అన్నాను విసుగ్గా.

"నేను ముక్కే తుడుస్తున్నాను టీచర్‌జీ," అందామె.

నమ్మలేదు. ఆవిడ వెళ్ళాక వేలితో మెల్లగా కొత్త పుట మీద తాకాను. వేలు ముక్కు మీద ఉంది. తాకిడి నుదుటి మీద తెలిసింది, పైన, పాపిట కింద. తీసేసిన చోట, ఖాళీగా కట్టు కట్టి ఉన్న చోట. ఈగ వచ్చి ముక్కు మీద వాలితే నుదురు కొట్టుకునేదాన్ని. ఆయాలు చూసి తెగ నవ్వేవాళ్ళు. సర్జన్‌ని అడిగితే అంతా అలాగే ఉంటుందన్నాడు. తాడులోంచి నరం ఇంకా వస్తోంది, ఆ చర్మం చోటు మారిందని దానికింకా తెలియదు.

ఆ మధ్యాహ్నం వార్డంతా నిద్రపోతుంటే, బొటనవేలు తీసుకెళ్ళి బొట్టు ఉండాల్సిన చోట గట్టిగా నొక్కాను.

ఎక్కడో పైన, నా నుదుటి మీద, ఎవరో బొటనవేలితో నొక్కారు. నా చెయ్యి అక్కడ లేదు. మా అమ్మ చెయ్యి కాక అది ఇంకెవరి చెయ్యి? నొప్పికి ఏడవనిదాన్ని, కేన్సరంటే ఏడవనిదాన్ని, తెర వెనక నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. చిన్నప్పుడు పోయిన మనిషి ఇన్నేళ్ళకి వచ్చి వేలు పెట్టి "ఇక్కడ" అంటే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. సంతోషంగా ఉంది. అంత సంతోషం నాకు ముందెప్పుడూ లేదు, తరువాతా లేదు.

రోజూ మధ్యాహ్నం అయ్యేదాకా ఎదురుచూసేదాన్ని. పక్క మంచాల దగ్గర చుట్టాలు వచ్చి కూర్చుని కబుర్లాడే వేళ, తెర ఇవతల నాకూ ఒక మనిషి వచ్చేది.

తాడు కోసే వారం వచ్చింది. ఆ రోజు వానలకి లైను మీద నీళ్ళొచ్చి కలకత్తా బండ్లు ఆగిపోయాయి. సర్జన్ రాలేదు. సిస్టరు వచ్చి, పాపం ఇంకో వారం ఈ వేషంతో ఉండాలి అని నన్ను ఓదార్చింది. నేను తల ఊపాను. లోపల పండగ చేసుకున్నాను.

ఆ వారం కూడా అయిపోయింది. బల్ల మీద పడుకోబెట్టాక సర్జన్‌ని అడిగాను, "ఇది ఉంచెయ్యకూడదా?"

తమాషా చేస్తున్నాననుకుని నవ్వాడు. నా కళ్ళు చూసి ఆపేశాడు. తాడుతో ఎవరూ బతకరు దిదిమణి, అన్నాడు. కోసేశాక ఆ నరం పోతుంది, కొన్నాళ్ళు అక్కడ ఏమీ తెలియదు, తరువాత బుగ్గ వైపు నుంచి కొత్త నరాలు వచ్చి ముక్కు ముక్కులాగే తెలుస్తుంది, మంచిదే కదా అన్నాడు. మంచిదే అన్నాను. కత్తెర ఒక్కసారే చప్పుడైంది.

మంచం మీదికి తెచ్చాక బొటనవేలితో నొక్కాను. ఏమీ లేదు. గట్టిగా నొక్కాను. వేలికి ముక్కు తెలుస్తోంది గానీ ముక్కుకి వేలు తెలియడం లేదు. పక్క మంచంవాళ్ళ ముక్కు పట్టుకున్నట్టే ఉంది. పైన నుదుటి మీద ఎవరూ లేరు. అమ్మ రెండోసారి పోయింది, ఈసారి నాకు వయసొచ్చాక పోయింది కాబట్టి పూర్తిగా తెలిసింది.

ఇంటికొచ్చి అద్దం చూసుకున్నాను. సర్జన్ పని బాగా చేశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. పుట కాస్త లావుగా ఉంది గానీ ముక్కు ముక్కే. దాని మీద బొట్టు, ఒకప్పుడు పుడక ఉన్న చోట. నుదుటి మీద నిలువుగా కుట్ల గీత. పిన్ని చూసి, "నామం ఎట్టినట్టుందమ్మా, ఎంకన్న బాబే," అంది. బడిలో పిల్లలు ఒక రోజు గుచ్చి గుచ్చి చూశారు, రెండో రోజు ఎక్కాలు తప్పు చెప్పి తన్నులు తిన్నాక ముక్కు సంగతి మరిచిపోయారు.

నేను మరిచిపోలేదు. సర్జన్ అడిగిన ప్రశ్న అద్దంలో కూర్చుని ఉండేది. అమ్మ నుదుటి మీద వెతుకుతుంది. తను నొక్కిన చోట, పాపిట కింద. అక్కడ ఒక తెల్లగీత తప్ప ఏమీ ఉండదు. ఇది నా గుంట కాదనుకుని పక్కనున్నవాళ్ళ నుదురు చూడడానికి వెళ్ళిపోతే? ఇంతమందితో పోట్లాడి ఉంచుకున్న బొట్టు, ఆమె చూడని చోట ఉంచుకున్నానా? తల దువ్వుకునేటప్పుడల్లా ఈ పిచ్చి ఆలోచన వచ్చేది. ఎవరికి చెబుతాను? ఉన్న ఒక్క మనిషీ మొహం తిప్పుకుంటాడు.

మరుసటేడు సర్జన్ పరీక్ష చేశాడు. కళ్ళు మూసుకోమని పిన్నుతో పొడిచి, ఎక్కడో చెప్పమన్నాడు. "ముక్కు మీద," అన్నాను. ఆయన ఎంతో సంతోషించాడు. ఎలుక మళ్ళీ రాలేదని కూడా చెప్పాడు. దణ్ణం పెట్టి బయటికొచ్చి, ఆసుపత్రి మెట్ల మీద కూర్చుండిపోయాను. బాగుపడినందుకు అంత దిగులుపడ్డ రోగి ఆ మెట్ల మీద ఇంకెవరూ కూర్చుని ఉండరు.

అయ్య రిటైరయ్యాక క్వార్టరు వదిలి తాల్‌బగీచాలో రెండు గదుల ఇంట్లోకి మారాం. డెబ్బైల్లో ఆయనకి ఊపిరితిత్తులు చెడ్డాయి. చివరి రోజుల్లో మంచం వాకిట్లోకి తెచ్చి వెయ్యమనేవాడు. ఒక పొద్దున్న గంజి పట్టిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి చాలన్నాడు. ఆయన మొహం చూస్తే ఇక ఎక్కువ రోజులు లేవని తెలిసింది. గ్లాసు కింద పెట్టాను. ఎన్నేళ్ళ నుంచో లోపల పెట్టుకున్న మాట అప్పుడు కాకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేను.

"అయ్యా," అని భుజం తట్టాను. ఆయన చూపు నా పెదాల మీదికి వచ్చింది. ఆయనతో అరవక్కర్లేదు, నిదానంగా అనాలి.

"అమ్మ అవుపడితే సెప్పు. నుదుటి మీద ఎతకొద్దని సెప్పు. అక్కడ నేదని సెప్పు. ముక్కు మీదుందని సెప్పు."

మొహం తిప్పుకుంటాడనుకున్నాను. తిప్పుకోలేదు. ఆయన చూపు నా పెదాల దగ్గర నుంచి మెల్లగా పైకి వచ్చింది. ముక్కు దగ్గర ఆగింది. చెయ్యెత్తాడు. బాయిలరులో ఇనపదిమ్మ పట్టి కాయలు కాసిన బొటనవేలు నా ఎడమ పుట మీద ఆనించి నొక్కాడు.

"ఇక్కడేనా?"

"అక్కడే అయ్యా."

ఇంకొంచెంసేపు వేలు అక్కడే ఉంచి చూశాడు, చోటు గుర్తుపెట్టుకుంటున్నట్టు. ఆ నొక్కు నుదుటి మీద తెలియలేదు. ముక్కు మీదే తెలిసింది.

"సెప్తాను," అన్నాడు. చెవిటి మనిషి గొంతు కదా, వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి చూశారు.